రెసిడెంటు డాక్టర్లకు మనం చెప్పని పాఠం

గత నెలలో మా చెల్లెలి మనవరాలు నాలుగు రోజుల సెలవు మీద ఇంటికి వచ్చింది. ఒక వైద్య కళాశాలలో జనరల్ సర్జరీ పీజీ రెండో సంవత్సరం చదువుతున్నది. భోజనాల దగ్గర నేను అలవాటు ప్రకారం, "ఏమ్మా, ఎన్ని హెర్నియాలు చేశావు? అపెండిక్సు ఒక్కదానివే తీయగలవా?" అని అడిగాను. ఆమె నవ్వి, "తాతయ్యా, నేను కత్తి పట్టిన గంటల కంటే లాప్‌టాప్ ముందు కూర్చున్న గంటలే ఎక్కువ. ఆపరేషన్‌కు ముందు అనుమతి, ఆపరేషన్ అయ్యాక ఫోటో, ఇంటికి పంపేటప్పుడు మళ్ళీ కాగితాలు. అవి ఎవరికి వెళ్తున్నాయో, వాళ్ళు ఏం చూసి ఔనంటారో, కాదంటే మేము ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. సీనియర్ ఎలా చేస్తే మేమూ అలాగే చేస్తున్నాం" అన్నది.

"గుమాస్తా పని మీకెందుకు? దానికి వేరే మనుషులుంటారు కదా" అనేశాను. అనడం అన్నాను గానీ, ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. నా సర్వీసు చివరి రోజుల్లో సరిగ్గా ఇదే మాట నా దగ్గర పనిచేసే ఒక పీజీ విద్యార్థితో అన్నాను. దాని ఫలితాన్ని అనుభవించినది నేనూ కాదు, అతడూ కాదు.

ఆ సంగతి చెప్పే ముందు, ఈ వ్యవస్థ గురించి పాఠకులకు కొంత చెప్పాలి. రోగి జబ్బుకు అయ్యే ఖర్చును మూడో వ్యక్తి, అంటే బీమా కంపెనీయో ప్రభుత్వ ట్రస్టో భరిస్తూ, ఏ చికిత్సకు ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో నిర్ణయించే పద్ధతిని ఇంగ్లీషులో మేనేజ్డ్ కేర్ అంటారు. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. మాట లేకపోయినా వస్తువు మాత్రం మన ఇంట్లోకి వచ్చి కూర్చున్నది. ఆరోగ్యశ్రీ అదే, ఆయుష్మాన్ భారత్ అదే, మీ అబ్బాయి కంపెనీ ఇచ్చిన క్యాష్‌లెస్ కార్డు కూడా అదే.

దీని పుట్టుక ఆసక్తికరంగా ఉంటుంది. 1933లో కాలిఫోర్నియా ఎడారిలో కొలరాడో నది నీటిని లాస్ ఏంజెలెస్ ప్రాంతానికి మళ్ళించే కాలువ పనులు జరుగుతున్నాయి. సిడ్నీ గార్ఫీల్డ్ అనే యువ సర్జన్ అక్కడ కూలీల కోసం చిన్న ఆసుపత్రి కట్టాడు. దెబ్బ తగిలిన ప్రతిసారీ బిల్లు వేసి బీమా కంపెనీల నుంచి వసూలు చేయబోతే ఆసుపత్రి మూతపడే స్థితి వచ్చింది. చివరికి కూలీకి రోజుకు ఐదు సెంట్ల చొప్పున ముందే చెల్లించే ఏర్పాటు కుదిరింది. అప్పటి నుంచి గార్ఫీల్డ్‌కు కూలీ గాయపడితే నష్టం, గాయపడకపోతే లాభం. అందుచేత ఆయన పని జరిగే చోట ప్రమాదాలు తగ్గించడం మీద శ్రద్ధ పెట్టాడు. ఆ తరువాత పారిశ్రామికవేత్త హెన్రీ కైజర్ ఆ పద్ధతిని తన కార్మికులకు వర్తింపజేశాడు. 1945లో అది సాధారణ ప్రజలకు కూడా తెరుచుకున్నది. నేటి కైజర్ పర్మనెంటే సంస్థ అదే.

మంచి ఆలోచనే. కానీ ముందే డబ్బు తీసుకున్నవాడికి రోగం రాకుండా చూడడం లాభమైనట్లే, వచ్చిన రోగానికి వైద్యం ఎగ్గొట్టడం కూడా లాభమే. ఈ రెండో మార్గం సులువైనది. 1973లో అమెరికాలో ఇటువంటి సంస్థలను ప్రోత్సహించే చట్టం వచ్చింది. 1983లో వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్, ఆసుపత్రులకు రోజుల లెక్కన కాకుండా జబ్బు లెక్కన స్థిరమైన మొత్తం ఇవ్వడం మొదలుపెట్టింది. 1990ల నాటికి కాన్పు అయిన తల్లిని ఒక్క రోజులో ఇంటికి పంపే స్థితి వచ్చింది. మామూలు కాన్పుకు 48 గంటలు, సిజేరియన్‌కు 96 గంటలు ఆసుపత్రి బసను బీమా కాదనరాదని 1996లో చట్టమే చేయవలసి వచ్చింది.

1970లలో నా సహాధ్యాయి ఒకడు అమెరికా వెళ్ళి స్థిరపడ్డాడు. ఒకసారి ఇండియా వచ్చినప్పుడు, "మనం గుంటూరు, విశాఖ, హైదరాబాదుల్లో నేర్చుకున్నదంతా రోగి పొట్ట మీద చెయ్యి పెట్టి చూడడం. అక్కడ నాకు అన్నిటికంటే కష్టమైనది బీమా కంపెనీకి ఫోన్ చేసి రోగి తరఫున వాదించడం. అది ఏ ప్రొఫెసరూ నేర్పలేదు" అన్నాడు. నేను ఆనాడు నవ్వాను. మనకు అటువంటి గతి పట్టదు అనుకున్నాను.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. త్వరలోనే ఉమ్మడి రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఆ పథకం చేసిన మేలును తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు ఎంతమాత్రం లేదు. గుండెకు రంధ్రం ఉన్న బిడ్డను ఒళ్ళో పెట్టుకుని మా ఓపీ ముందు కూర్చున్న తల్లికి, "హైదరాబాదు తీసుకెళ్ళమ్మా" అని చెప్పి, ఆమె వెళ్ళలేదని తెలిసీ మౌనంగా ఉండిపోయిన రోజులు నాకు చాలా ఉన్నాయి. ఆ మౌనాన్ని పథకం చాలావరకు తప్పించింది. 2018లో ఆయుష్మాన్ భారత్ దేశమంతటా ఐదు లక్షల రూపాయల రక్షణతో వచ్చింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలైంది. పేర్లు ప్రభుత్వాలతో పాటు మారుతుంటాయి. మన రెండు రాష్ట్రాలలో పెద్ద ఆపరేషన్ చేయించుకునే పేదవాడు మాత్రం ఏదో ఒక పేరుతో ఈ ద్వారం గుండానే వెళ్తున్నాడు.

ఇక నా సంగతి. 2008 ప్రాంతం. నేను ఒక బోధనాసుపత్రిలో సర్జరీ యూనిట్ చీఫ్‌ని. నేత పని చేసుకునే కుటుంబం నుంచి నలభై ఏళ్ళ స్త్రీ పిత్తాశయంలో రాళ్ళతో వచ్చింది. రెండుసార్లు తీవ్రమైన నొప్పి వచ్చి తగ్గింది. ఒకసారి కళ్ళు పచ్చబడ్డాయని కూడా చెప్పింది. ఆ పచ్చబడడం చాలా ముఖ్యమైన సంగతి. రాయి పిత్తాశయం దాటి నాళంలోకి జారుతున్నదేమోనని అనుమానించాలి, ఆలస్యం చేయకూడదు. నా పీజీ విద్యార్థికి అది తెలుసు, నాకు చెప్పాడు కూడా. కానీ అనుమతి కోసం పంపిన కాగితంలో అతడు రాసినది ఒక్క ముక్క: కడుపునొప్పి, పిత్తాశయంలో రాళ్ళు. పచ్చబడిన సంగతి లేదు, ఎన్నిసార్లు నొప్పి వచ్చిందో లేదు, రక్తపరీక్ష జత చేయలేదు. అవతల నుంచి ప్రశ్నలు వచ్చాయి, ఫైలు ఆగింది. అతడు వచ్చి, "సార్, ఏదో క్వెరీ వచ్చింది, ఏం రాయమంటారు?" అని అడిగాడు. నేను ఆపరేషన్ థియేటర్‌కు పోయే తొందరలో, "అది ఆరోగ్యమిత్ర చూసుకుంటాడు. నువ్వు గుమాస్తావా, సర్జన్‌వా?" అన్నాను.

ఆమెను "అనుమతి వచ్చాక కబురు చేస్తాం" అని ఇంటికి పంపించారు. పన్నెండో రోజు అర్ధరాత్రి తీవ్రమైన ప్యాంక్రియాటైటిస్‌తో ఆటోలో తీసుకువచ్చారు. రాయి జారి క్లోమనాళం దారిని అడ్డగించింది. ఇరవై మూడు రోజులు మా దగ్గర ఉన్నది, అందులో తొమ్మిది రోజులు చావు బతుకుల మధ్య. బతికింది. ఆమె భర్త ఆ నెలలో మగ్గం ఎక్కలేదు. వడ్డీకి తెచ్చిన అప్పు ఎంతో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

ఇందులో నన్ను ఇప్పటికీ బాధించేది ఒకటున్నది. మాది ప్రభుత్వాసుపత్రి. ఆ అనుమతి రాకపోయినా ఆమెకు ఉచితంగా ఆపరేషన్ చేయడానికి మాకు ఏ అడ్డూ లేదు. పథకం రాకముందు ముప్పై ఏళ్ళు అలాగే చేశాం. పథకం కింద చేస్తే ఆసుపత్రికి డబ్బు వస్తుంది, అందులో వైద్యబృందానికీ ఒక భాగం వస్తుంది కాబట్టి, ఏడాది తిరగకముందే అనుమతి వచ్చాకే ఆపరేషన్ అన్నది మాకు తెలియకుండానే అలవాటైపోయింది. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. ఆ విద్యార్థికి "అనుమతి సంగతి తరువాత చూద్దాం, రేపటి లిస్టులో పెట్టు" అని చెప్పవలసినది నేను. నాకే తోచలేదు. వ్యవస్థను అర్థం చేసుకోని వైద్యుడు దానికి దూరంగా ఉండడు, తెలియకుండానే దానికి లొంగిపోతాడు. "మనం డాక్టర్లం, డబ్బుల సంగతి మనకెందుకు" అనే నా తరం గర్వం వెనుక ఈ లొంగుబాటు ఉన్నదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పదవీ విరమణ తరువాత ఈ విషయం మీద చదువుతూ ఉండగా ఒక తీర్పు కంటపడింది. కాలిఫోర్నియాలో 1977లో విక్లైన్ అనే స్త్రీకి కాళ్ళకు రక్తం తీసుకువెళ్ళే పెద్ద ధమనికి శస్త్రచికిత్స జరిగింది. ఇబ్బందులు తలెత్తినందువల్ల మరో ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంచాలని ఆమె సర్జన్ అడిగాడు. పేదల కోసం ఆ రాష్ట్రం నడిపే పథకం నాలుగు రోజులే ఇచ్చింది. సర్జన్ మళ్ళీ అడగలేదు. ఆమెను ఇంటికి పంపారు. తరువాత కాలు తీసివేయవలసి వచ్చింది. ఆమె ప్రభుత్వ పథకం మీద దావా వేసింది. 1986లో అప్పీలు కోర్టు పథకానిది తప్పు కాదన్నది. రోగిని ఎప్పుడు పంపాలన్న నిర్ణయం వైద్యునిదేనని, తన వైద్యబుద్ధికి విరుద్ధమైన పరిమితిని అభ్యంతరం చెప్పకుండా ఒప్పుకున్న వైద్యుడు తన బాధ్యతను తప్పించుకోలేడని చెప్పింది. అది వేరే దేశపు తీర్పు, మన న్యాయస్థానాలను బంధించదు. కానీ నా దృష్టిలో ప్రతి పీజీ విద్యార్థీ చదవవలసిన కేసు అది. పోర్టల్ కాదన్నది కాబట్టి నేను చేయలేదు అనే మాట రోగి ముందు చెల్లదు, మనస్సాక్షి ముందు అసలే చెల్లదు.

అమెరికావారు దెబ్బలు తిన్న తరువాత కొంత నేర్చుకున్నారు. అక్కడ రెసిడెన్సీ శిక్షణను పర్యవేక్షించే మండలి 1999లో ప్రతి రెసిడెంటులోనూ చూడవలసిన ఆరు సామర్థ్యాలను నిర్దేశించింది. రోగికి చేసే చికిత్స, వైద్యజ్ఞానం, మాటతీరు వగైరాలతో పాటు, తాను పనిచేసే వ్యవస్థను అర్థం చేసుకుని దానిలో రోగి మేలు కోసం పనిచేయగలగడం అన్నది వాటిలో ఒకటి. దాని మీద కూడా రెసిడెంటును అంచనా వేస్తారు.

మన దగ్గరా ప్రయత్నాలు లేవని కాదు. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో వైఖరి, నైతికత, సంభాషణ అనే అంశాలను పాఠ్యప్రణాళికలో చేర్చారు. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలనే నియమం వచ్చింది. రెండూ మంచివే. కానీ ఈ రోజు మన పీజీ పరీక్షలో "ఈ రోగికి ప్యాకేజీ తిరస్కరించబడింది, నీవేం చేస్తావు?" అని ఎక్కడైనా అడుగుతున్నారా? నేను పరీక్షకుడిగా వెళ్ళిన రోజుల్లో ఒక్కసారీ అడగలేదు. థైరాయిడ్ సర్జరీలో నరాన్ని ఎక్కడ వెతకాలో అరగంట అడిగాను.

నేర్పవలసిన వాటిలో మొదటిది డబ్బు ఎటు లాగుతుందో తెలుసుకోవడం. పాత పద్ధతిలో, చేసిన ప్రతి పనికీ ఫీజు వచ్చేచోట, ఎక్కువ పనులు చేయాలనిపిస్తుంది. గార్ఫీల్డ్ పద్ధతిలో తలకింత అని ముందే ఇస్తే తక్కువ చేయాలనిపిస్తుంది. మన ప్యాకేజీ పద్ధతిలో రెండు జబ్బులూ కలిసి ఉన్నాయి. ఆపరేషన్‌కు ఇంత అని స్థిరమైన మొత్తం కాబట్టి ఆపరేషన్ల సంఖ్య పెంచాలనిపిస్తుంది, ఒక్కొక్క ఆపరేషన్‌లో పెట్టే ఖర్చు తగ్గించాలనిపిస్తుంది. ఒక కాలంలో పథకం కింద ప్రైవేటు ఆసుపత్రులలో గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు అవసరానికి మించి జరుగుతున్నాయన్న విమర్శలు వచ్చి, ప్రభుత్వం వాటిని ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. ముప్పై అయిదేళ్ళ స్త్రీకి గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు త్వరగా పలచబడతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. ఆ ఆపరేషన్లలో సహాయకులుగా నిలబడినవారిలో యువవైద్యులు కూడా ఉండి ఉంటారు. "ఈమెకు ఇది నిజంగా అవసరమా, మందులతో ప్రయత్నించారా?" అని అడగాలని వారికి ఎవరైనా నేర్పారా?

ఇంకొక సంగతి. పథకాల డబ్బు ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగం చుట్టూనే తిరుగుతుంది. అందువల్ల మన రెసిడెంటు కుళ్ళిన మధుమేహపు కాలును చూస్తాడు గానీ, ఆ కాలు కుళ్ళడానికి ముందు పదేళ్ళ పాటు అదుపులో లేని చక్కెరను చూడడు. జిల్లా ఆసుపత్రిలో గడిపే మూడు నెలల్లో ఒక్క వారమైనా, కాలు పోగొట్టుకున్న రోగి ఊరికి వెళ్ళి, అంతకు ముందు ఎవరెవరు అతన్ని చూశారో, ఎక్కడ జారిపోయాడో రాసుకుని రమ్మంటే, ఆ వారం పది ఉపన్యాసాలకు సమానం.

రెండోది కేస్ షీట్ రాయడం. దీన్ని గుమాస్తా పని అన్న నేనే ఇప్పుడు చెబుతున్నాను, ఇది వైద్యమే. దూరాన కూర్చున్న అధికారి రోగిని చూడడు, మీరు రాసినదే చూస్తాడు. ఆ నేత కార్మికురాలి కళ్ళు పచ్చబడ్డాయి అనే ఒక్క వాక్యం ఉంటే ఆ ఫైలు ఆగి ఉండేది కాదు. రాయడంలో మరో అపాయం కూడా ఉన్నది. అనుమతి రావడానికి లేని లక్షణాలను రాయడం. కొన్ని చోట్ల సీనియర్లు దీన్ని తెలివిగా నేర్పుతారని విన్నాను. అది మోసం. పైగా ఆ అబద్ధం రోగి రికార్డులో శాశ్వతంగా ఉండిపోయి, రేపు మరో వైద్యుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

మూడోది కాదన్నప్పుడు పోరాడడం. ఎవరికి ఫోన్ చేయాలి, ఏ కాగితం మళ్ళీ పంపాలి, ఎంత సమయం ఆగవచ్చు, ఎప్పుడు ఆగకూడదు అన్నది రెసిడెంటుకు కంఠస్థం కావాలి. ప్రాణాపాయంలో అనుమతి కోసం ఆగకూడదు. ఇది ఐచ్ఛికం కాదు.

నాలుగోది రోగితో నిజం మాట్లాడడం. ప్యాకేజీలో మందులూ పరీక్షలూ కలిసే ఉంటాయని తెలియక, "ఈ ఇంజెక్షన్ బయట కొనుక్కురండి" అని చీటీ రాసిచ్చే యువవైద్యులు ఉన్నారు. తెలిసీ రాసేవారి గురించి నేను చెప్పడం లేదు, వారికి పాఠం కాదు, శిక్ష కావాలి. తెలియక రాసేవారే ఎక్కువ. (పాఠకులకు ఒక మాట: పథకం కింద చేరినప్పుడు ఎవరైనా డబ్బు అడిగినా, మందు బయట కొనమన్నా, ముందు ఆరోగ్యమిత్రను పిలిచి ఆ మందు ప్యాకేజీలో ఉన్నదా లేదా అని అడగండి. డిశ్చార్జి కాగితం అడిగి తీసుకోండి. ఆయుష్మాన్ భారత్‌లో ఇంటికి వెళ్ళాక 15 రోజుల వరకు అయ్యే సంబంధిత ఖర్చు కూడా ప్యాకేజీలోదే.)

ఇవన్నీ చెబితే నా మిత్రులు కొందరు కోప్పడతారు. "పీజీలకు ఇప్పటికే నిద్ర లేదు, ఇంకా భారం పెడతావా?" అంటారు. న్యాయమైన మాటే. ముప్పై ఆరు గంటల డ్యూటీ చేసిన పిల్లవాడికి బీమా పాఠం చెప్పడం క్రూరత్వం. కానీ అతడు ఆ పనిని ఇప్పటికే చేస్తున్నాడు, అర్థం తెలియకుండా చేస్తున్నాడు. స్కానింగ్, అప్‌లోడింగ్ పనులకు ఆసుపత్రి వేరే మనుషులను పెట్టాలి. రోగికి ఏం కావాలో, ఎందుకు కావాలో రాసే బాధ్యత మాత్రం వైద్యుడిది. రెండింటినీ కలిపి ఒకే భారంగా చూస్తున్నాం కాబట్టే చిక్కు.

మరొక అభ్యంతరం ఇంకా లోతైనది. "వ్యవస్థను బాగా నేర్చుకున్నవాడు రోగి కంటే వ్యవస్థకు పనికివచ్చేవాడుగా తయారవుతాడు" అంటారు. ఖర్చు తగ్గించడమే మంచి వైద్యం అనే భ్రమలో పడే ప్రమాదం నిజంగా ఉన్నది. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. శిక్షణ ఎవరి చేతిలో ఉన్నదన్న దాన్ని బట్టి ఉంటుంది. బీమా కంపెనీ ప్రతినిధి వచ్చి నేర్పితే ఆ ప్రమాదం ఎక్కువ. యూనిట్ చీఫ్ తన వార్డులో, తన రోగి మంచం పక్కన నిలబడి నేర్పితే తక్కువ. రెండు వారాలు రెసిడెంట్లను ట్రస్టు కార్యాలయంలో ఫైళ్ళు చూసే వైద్యాధికారి పక్కన కూర్చోబెట్టాలని కూడా నేనంటాను. అవతల కుర్చీలో కూర్చుంటే మోసపు ఫైలు ఎలా ఉంటుందో, నిజమైన అవసరం ఉన్న ఫైలు సరిగ్గా రాయక ఎలా తిరస్కరించబడుతుందో కళ్ళారా చూస్తారు.

మా మనవరాలు తిరిగి వెళ్ళే ముందు రోజు ఆమెకు నేత కార్మికురాలి సంగతి చెప్పాను. మా ఇంట్లో ఎవరికీ అంతవరకు చెప్పలేదు. ఆమె కాసేపు ఊరుకుని, "ఆ పీజీ డాక్టరు ఇప్పుడెక్కడున్నారు తాతయ్యా?" అని అడిగింది. ఒక జిల్లా కేంద్రంలో నర్సింగ్ హోమ్ నడుపుతున్నాడు, ఫైళ్ళన్నీ తనే చదివి సంతకం పెడతాడట అని చెప్పాను.

ఈ నెలలో రెండు కళాశాలల ప్రిన్సిపాళ్ళకు ఉత్తరాలు రాశాను. నెలకు ఒక మధ్యాహ్నం ఇస్తే, తిరస్కరించబడిన ఫైళ్ళను పీజీలతో కలిసి చదువుతానని, జీతభత్యాలు అక్కరలేదని. ఒకరు సిలబస్‌లో చోటు లేదని మర్యాదగా తెలియజేశారు. రెండో వారు వచ్చే నెల మొదటి శనివారం రమ్మన్నారు. నా పాత డైరీలో ఆ పన్నెండు రోజుల కేసు వివరాలు దొరికాయి. పేరు తీసేసి, ఆనాడు పంపిన అనుమతి కాగితంలో ఉన్నదాన్ని గుర్తున్నంతవరకు ఒక తెల్లకాగితం మీద రాసిపెట్టాను. ముందు దాన్ని వారి చేతికిచ్చి, ఇందులో ఏం లేదో చెప్పమంటాను.